మూత తీయని గిన్నె

కుండపోతగా వాన కురుస్తున్న మధ్యాహ్నం ఫెయి గారి గుమ్మంలోకి ఒక ఆడమనిషి వచ్చి పడింది. వచ్చింది అనడానికి లేదు, కాళ్ళు ఆమెను అంతవరకే మోశాయి.

"లూ చెంగ్ పెళ్ళాన్నండీ, సుయిన్ అంటారు. ఎల్లుండి ఆయన శిక్ష కాగితం రాజధానికి పంపుతారట. అది తిరిగొస్తే తల తీసేస్తారట బాబూ!"

ఫెయి ఇరవై ఏళ్ళు చింగ్‌షీ కచేరీలో రాతపని చేసి, అబద్ధం రాయనన్నందుకు బయటికొచ్చిన మనిషి. ఊళ్ళో ఎవరికి చిక్కొచ్చినా ఇప్పుడు ఆయన గుమ్మమే తొక్కుతారు. ఆయన వెంట ఉండే తాంగ్ ఆరుసార్లు పరీక్ష తప్పిన నలభై ఏళ్ళవాడు. ఫెయి తుమ్మినా అందులో ఏదో అర్థం ఉందని నమ్ముతాడు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. లూ చెంగ్‌కు చదువు చెప్పిన యాన్ పండితుడు పది రోజుల కింద తన గదిలో టీ తాగి, విషం ఎక్కి చనిపోయాడు. ఆ పొద్దునే లూ చెంగ్ ఆయనకు కొత్త టీ పొట్లం ఇచ్చి వచ్చాడు. పరీక్ష తప్పిన కోపంతో గురువునే చంపాడని కచేరీ తేల్చింది.

"ఒప్పుకున్నాడుగా?" అన్నాడు తాంగ్.

"వేళ్ళ మధ్య కర్రలు పెట్టి నొక్కితే మీరైనా ఒప్పుకుంటారన్నా! రాసే చెయ్యండీ అది. చితికిపోయింది."

తాంగ్ తల దించుకున్నాడు. ఫెయి గొడుగు అందుకున్నాడు.

యాన్ పండితుడి ఇంట్లో మిగిలింది ముసలి నౌకరు బావో ఒక్కడే. చదువుల గదిలో బల్ల మీద రెండు మూత గిన్నెలు అలాగే ఉన్నాయి.

"కడగలేదేం?" అడిగాడు ఫెయి.

"అయ్యగారు చివరిసారి పట్టుకున్న గిన్నె. చేతులు రాలేదండీ."

"ఆ రోజు నువ్వెక్కడున్నావ్?"

"ఊట నీళ్ళకి కొండకి పంపారు. నే లేకపోతే టీ ఆయనే కాచుకుంటారు. ఉన్నా ఆయనే కాచుకుంటారనుకోండి, నా చేతి టీ గేదెలక్కూడా పనికిరాదనేవారు. సాయంత్రం వచ్చేసరికి ఆయన నేల మీదున్నారు. ఆయన గిన్నె ఖాళీ. రెండోది అంచుదాకా నిండుగా ఉంది, మూతైనా కదల్లేదు."

"విషమని తెలుసు కాబట్టే లూ చెంగ్ తాగలేదని కచేరీవాళ్ళు రాశారు," అన్నాడు తాంగ్.

ఫెయి ఖాళీ గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అడుగున ఎండిన ఆకుల మధ్య ముడుచుకుపోయిన మల్లెపూలు నాలుగు ఉన్నాయి. బల్ల మీదే ఉన్న లూ చెంగ్ పొట్లం విప్పి చూశాడు, అందులో పూలు లేని వట్టి టీ ఆకే ఉంది.

"మీ అయ్యగారు మల్లె టీ తాగేవారా?"

"అబ్బే! పూల వాసన కావాలంటే పూలే కొనుక్కోవచ్చుగా అనేవారు. అయితే ఎవరైనా టీ కానుకగా తెస్తే మాత్రం, వాళ్ళ ఎదుటే కాచి తాగేవారు. తాగకపోతే మర్యాద కాదుగా."

"చనిపోయే ముందు ఆయన దేనికైనా బాధపడ్డారా?"

బావో గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "పరీక్షలో మొదటొచ్చిన వ్యాసం కచేరీ గోడకి అంటించారు చూడండి, జిల్లాధికారి గారి అన్న కొడుకు హెంగ్ బాబుది. అది చదివొచ్చి, 'ఇది మన చెంగ్ రాసిందిరా, పేర్లు మార్చేశారు' అని ఏడ్చారు. పైవాళ్ళకి రాస్తానన్నారు."

"కచేరీలో చెప్పలేదేం?"

"అడగలేదండి. అడగంది చెబితే తంతారు."

మర్నాడు ఫెయి, తాంగ్ హెంగ్‌ను చూడబోయారు. ఇరవై రెండేళ్ళవాడు, పట్టు అంగీ, ఉత్తరాది యాస. నౌకరు టీ తెచ్చి పెట్టగానే గదంతా మల్లెల వాసన కమ్మింది.

"మీ ఊరి టీ మాకు పడదండీ. వాసన లేని టీ, ఉప్పు లేని కూర!" అని హెంగ్ నవ్వాడు.

"యాన్ పండితుడు పోయిన రోజు తమరెక్కడున్నారు?" అన్నాడు ఫెయి.

నవ్వు ఆగిపోయింది. హెంగ్ గిన్నెను రెండు చేతులా పైకెత్తాడు. "అతిథి బయల్దేరుతున్నారు!" అని గుమ్మంలో నౌకరు కేక పెట్టాడు. కచేరీ ఇళ్ళలో టీ పెట్టేది తాగడానికి కాదు. గృహస్థు గిన్నె ఎత్తాడంటే ఇక లేచి వెళ్ళమని. ఒక్క గిన్నె మూత కూడా తీయకుండానే ఇద్దరూ లేచారు.

"చూశావా తాంగ్?" అన్నాడు ఫెయి వీధిలో.

"గెంటేశారు. అదేగా చూశాను!"

సుయిన్ చెప్పిన రోజు రానే వచ్చింది. ఫెయి అర్జీ మీద జిల్లాధికారి వెనక హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు. పక్కన హెంగ్, మూల బావో, తలుపు దగ్గర సుయిన్. అందరి ముందూ టీ పెట్టారు, ఫెయి తెచ్చిన పండితుడి ఖాళీ గిన్నెను బల్ల మీద పెట్టారు.

"అయ్యా, శిష్యుడు గురువు పోసిన టీ తాగకుండా లేవడు. అది చదువుకున్న ఇంటి పద్ధతి. టీ ముందుంటే ముట్టకుండా కూర్చునే అలవాటు కచేరీ ఇళ్ళది, ఆ రోజు అతిథి గిన్నె మూతైనా కదల్లేదు. పండితుడు తన చేత్తో మల్లె టీ కొనడు, అతిథి తెచ్చాడు కాబట్టి మర్యాదకి తాగాడు. ఈ ఊళ్ళో మల్లె టీ తాగేది ఉత్తరాది నుంచి వచ్చిన తమ ఇల్లొక్కటే. ఆ ఇంట్లో పండితుడి ఉత్తరానికి భయపడాల్సినవాడు కూడా ఒక్కడే. వ్యాసం లూ చెంగ్‌ది. విషం కలిపిన పొట్లం హెంగ్ బాబుది."

హెంగ్ ముఖం పాలిపోయింది. "బాబాయ్..." అన్నాడు.

జిల్లాధికారి అన్న కొడుకు వైపు చూశాడు. చనిపోయిన అన్నకు మిగిలిన ఒకే ఒక్క పిల్లవాడు. ఆయనకు నిజం అప్పుడే తెలిసినట్టుంది.

"బావో," అన్నాడు మెల్లగా. "మీ అయ్యగారి గిన్నె మురికిగా ఉంది. కడుగు."

ముసలివాడు ఫెయి వైపు చూశాడు. పక్కన భటులు కర్రలు పట్టుకుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళు చెప్పిన పని చేసిన చేతులు అవి. నీళ్ళు పోసి, ఏడుస్తూ కడిగాడు.

జిల్లాధికారి తన గిన్నె ఎత్తాడు. మూత మాత్రం తీయలేదు.

"అతిథి బయల్దేరుతున్నారు!"

ఫెయి కదల్లేదు. భటులు చెరో రెక్కా పట్టుకుని లేపారు. జీవితంలో మొదటిసారి తాంగ్‌కు ఆయన ముఖంలో ఏ అర్థమూ కనబడలేదు.

బయట వానలో సుయిన్ పరుగున వచ్చి ఫెయి చెయ్యి పట్టుకుంది. ఆమెది పడవలవాళ్ళ పుట్టిల్లు, ఈ మర్యాదలు ఆమెకు తెలియవు.

"మీరు అన్నీ చెప్పారు, జిల్లాధికారి గారు అన్నీ విన్నారు. టీ పుచ్చుకుంటున్నారుగా, మనసు మెత్తబడిందేమో బాబూ! వదిలేస్తారా మా ఆయన్ని?"

"ఆయన టీ తాగలేదమ్మా," అన్నాడు ఫెయి.

"వేడిగా ఉండుంటుంది," అంది సుయిన్. "చల్లారాక తాగుతారు. కాసేపు ఇక్కడే నిలబడదాం."