'అద్దె గది' ఎవరు పాడారు?

2068లో పెళ్లిలో మంగళహారతి పాడబోయే పిన్నిగారిని కూడా ముద్ర ఉందా అని అడిగేవారు. యంత్రాలు పాటలు కట్టడం మొదలెట్టాక జనానికి అనుమానం అంతగా పట్టుకుంది మరి. పాట బాగుంటే అనుమానం, బాగోకపోతే ఇంకా అనుమానం. 'మనిషి ముద్ర' లేనిదే ఎవర్నీ వేదిక ఎక్కనిచ్చేవారు కాదు. యంత్రం పాటని తనదని చెప్పుకున్నట్టు తేలితే ఇక జన్మలో మైకు దొరకదు.

ఆ ముద్ర వేసేది కంఠసాక్షి అనే పరికరం. విశాఖలో డాక్టర్ నిష్ఠల మందాకిని కనిపెట్టింది. సూత్రం తేలికే. మనిషి ఒక చరణం కట్టేటప్పుడు పది మాటలు అనుకుని తొమ్మిది కొట్టేస్తాడు. ఆ చోట్ల, తర్వాత ఎన్నిసార్లు పాడినా ఊపిరి కొంచెం తడబడుతుంది. చెవికి అందదు గానీ తెర మీది స్పెక్ట్రమ్‌లో వంకర గీతగా కనిపిస్తుంది. దాన్ని 'తడబాటు రేఖ' అన్నారు; మనసులోంచి పలికే మామూలు మాటల్లోనూ అది ఉంటుంది. యంత్రం పాటలో ఆ రేఖ తిన్నగా పోతుంది.

ఆ ఏడాది లివియా సెర్రా కేసు వచ్చింది. ఇటలీలో ఏ కంపెనీకీ చెందకుండా, తన పాట తనే రాసుకుని గిటారు మీద పాడుకునే అమ్మాయి. ఆమె మొదటి ఆల్బమ్ 'ఉప్పు' ఎంతమందిని ఏడిపించిందో లెక్కలేదు. భర్త పోయిన ఏడాదంతా మందాకిని ఆ పాటలే పట్టుకుని బతికింది. ఐదేళ్లకి రెండో ఆల్బమ్ 'అద్దె గది' వచ్చింది. ఉడికీ ఉడకని పప్పులా ఉంది. ఇది ఆమెది కాదు, యంత్రంతో కట్టించేసిందని అభిమానులే ఫిర్యాదు చేశారు. కంఠసాక్షి కూడా విని 'యంత్రం' అని తేల్చింది. మందాకిని తాను ముందే అనుకున్నానంది.

లివియా అప్పీలు పెట్టుకుని విశాఖ వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని పాడుతుంటే మందాకిని కళ్లు పాట మీద లేవు. ఎక్కడైనా యంత్రం దాచిందేమోనని చెవి పోగులు చూసింది, మణికట్టు చూసింది, గిటారు వెనక్కి తిప్పించి మరీ చూసింది. ఏమీ దొరకలేదు. అయినా మళ్లీ 'యంత్రం' అనే వచ్చింది.

తప్పు పట్టింది సహ శాస్త్రవేత్త జోసఫ్ రత్నం. మనిషి గొంతు ఎలా ఉంటుందో నేర్పడానికి కంఠసాక్షికి ఒక ప్రమాణ కంఠం ఇవ్వాలి. వేరే గొంతు అయితే అది కాస్త తేడాని ఒప్పుకుంటుంది. ఆ ప్రమాణ గొంతే కాస్త మారి వినిపిస్తే మాత్రం నకలు అనుకుంటుంది.

"మేడమ్, ప్రమాణంగా మీరిచ్చింది 'ఉప్పు'నే కదా," అన్నాడు జోసఫ్ మెల్లిగా. "ఈవిణ్ణి ఈవిడతోనే పోల్చి, ఈవిడ కాదంటున్నాం."

ప్రమాణం మార్చి చూశారు. ఒక్కో మాట దగ్గరా రేఖ వంకర్లు తిరిగింది. 'ఉప్పు'లో పది కొట్టేసిన చోట, ఇక్కడ నలభై కొట్టేసింది. పాపం, ఆ పిల్ల నాలుగింతలు కష్టపడింది.

ఆ సంగతి చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నారు. లివియా గిటారుని పెట్టెలో పెట్టేసింది. వాళ్ల చెవుల్లో ఉన్న అనువాద పరికరాలు ఆమె మాటల్ని తెలుగులో వినిపించాయి.

"కోపంలో అప్పీలు పెట్టాను డాక్టర్ గారూ. కానీ ఇప్పుడు జనం యంత్రాన్ని తిడుతున్నారు, 'ఉప్పు'ని ఇంకా ప్రేమిస్తున్నారు. ఇదీ నేనే అని తేలితే, నా దగ్గర ఉన్నది ఇంతేనని తేలిపోతుంది. యంత్రమనే రాయండి."

"మళ్లీ ఎక్కడా పాడనివ్వరమ్మా," అంది మందాకిని.

"పాడినా ఇలాగే పాడతాను."

వద్దని జోసఫ్ గట్టిగానే చెప్పాడు. కానీ మందాకినికి లోపల ఏదో బరువు దిగినట్టయింది. తన పొరపాటు బయటికి రాదు. తనని బతికించిన 'ఉప్పు'కి మచ్చ రాదు. ఆమె పెన్ను తీసి 'యంత్రం' అని రాసి సంతకం పెట్టేసింది.

"ఆ అమ్మాయి మీద జాలితోనే చేశాను జోసఫ్. ఇంకే ఉద్దేశమూ లేదు," అంది.

కంఠసాక్షిని ఇంకా ఆపలేదు, జోసఫ్ తెర వైపే చూస్తున్నాడు. మందాకిని పలికిన మాటల రేఖ మొదటి నుంచి చివరి దాకా తిన్నగా పోయింది.