ఎర్ర బూజు సీసా

"బూజు కోసమా సార్?" అన్నాడు ఏజెంట్, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడుతూ. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బూజు కోసం పంపడం ఇదే మొదలు.

"ఎర్ర రంగునిచ్చే బూజు. తినేవాటికీ, పిల్లల సిరప్‌లకూ ఆ రంగు వాడొచ్చు. కానీ రంగుతో పాటు కిడ్నీలను పాడుచేసే విషమూ పుట్టేది. ఒక డాక్టరమ్మ పదకొండేళ్ళు కష్టపడి, తరం తరం ఏరుకుంటూ విషంలేని స్ట్రెయిన్, అంటే కొత్త రకం బూజు, సాధించింది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా దాన్ని కొట్టేసి, దాని చోట పాత విషపు స్ట్రెయిన్ పెట్టబోతోంది. రేపు పదకొండింటికి ఆమె ల్యాబ్‌లో, బూజును పెంచే పెద్ద ట్యాంకులో పోస్తారు. ముఠాలో మన మనిషి 'నెమలి' ఉంది. ఎంతవరకు మన మనిషో చెప్పలేను. 'రంగు వెలిసిందా?' అంటుంది. 'ఉతికితేగా' అను."

చేతికో పెన్ ఇచ్చాడు. అందులో అల్ట్రావయొలెట్ లైటుంది. విషముంటే ఆ వెలుగులో ద్రవం పచ్చగా మెరుస్తుంది.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో మూడంతస్తులెక్కేసరికి ఏజెంట్ మోకాళ్ళు మొరాయించాయి. ల్యాబ్‌లో నీలం పట్టుబట్టల్లో, పెద్ద హ్యాండ్‌బ్యాగుతో నెమలి నిలబడి ఉంది. రంగుల కంపెనీ ప్రతినిధినని చెప్పుకుందట.

"రంగు వెలిసిందా?"

"ఉతికితేగా."

"ఫ్లాస్కు ఇంకా ఎవరూ మార్చలేదు. నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా ఉండమన్నవాళ్ళను అతను చాలామందిని చూశాడు. పదకొండుకు అర నిమిషం ఉందనగా డాక్టరమ్మ ట్యాంకు మీద ఫ్లాస్కు వంచింది. అతను పెన్ నొక్కాడు. ఎర్రటి ద్రవం పచ్చగా మెరిసింది.

"ఆగండమ్మా!"

డాక్టరమ్మ మణికట్టు పట్టేసుకున్నాడు. ఒక చుక్క ఫ్లాస్కు అంచున వేలాడుతూ ఆగింది. నెమలి అప్పటికే తలుపు దగ్గరుంది.

"నీ వెనక పరిగెత్తే ఓపిక నాకు లేదు," అన్నాడతను. "కానీ ఇది పిల్లల దగ్గుమందులో కలిసేది. తెలుసా?"

ఆమె ఆగిపోయింది. "పిల్లలకా? చీరల రంగన్నారు ముఠావాళ్ళు నాతో." వెనక్కి వచ్చి, బ్యాగులోంచి అసలు ఫ్లాస్కు తీసి బల్లమీద పెట్టింది. "నాకూ ఓపికైపోయింది అన్నయ్యా. గేటు బయట బూడిదరంగు కారు. అందులో ఉన్నాడు మా బాసు."

ఏజెంట్ కబురందుకుని సెక్యూరిటీవాళ్ళు కారును చుట్టుముట్టారు. డాక్టరమ్మ ఫ్లాస్కును గుండెకు హత్తుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

ఏజెంట్ చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"ప్రాణనష్టం?" అడిగాడు చీఫ్.

"ఏమీ లేదు సార్. బూజు క్షేమం. నా సంగతే తెలీదు."