పాయింట్ తర్వాత సున్నా

బెల్ ఐల్ దీవి పార్కింగులో రెండు కార్లు ఆరడుగుల దూరంలో పక్కపక్కన ఆగి ఉన్నాయి. రెండింటి అద్దాలూ అంగుళం మాత్రమే దిగాయి. 2020 ఏప్రిల్‌లో డిట్రాయిట్‌లో రహస్యాలు చెప్పుకోవాలన్నా ఇంతకంటే దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు.

"ఈ పని నీకు ఇవ్వకూడదు పెట్‌వే," అన్నాడు చీఫ్ హాలిస్ మాస్కులోంచి. "నీ తమ్ముణ్ణి చంపింది ఈ ముఠాయే."

"అందుకే ఇవ్వాలి సర్."

ఆ జవాబు వస్తుందని హాలిస్‌కి ముందే తెలుసు. తెలిసే ఫైలు వెంట తెచ్చాడు.

ఏజెంట్ డెస్మండ్ పెట్‌వే తమ్ముడు ఆర్లిస్ సిటీ బస్సు నడిపేవాడు. మార్చిలో కోవిడ్ వచ్చి వెంటిలేటర్ ఎక్కాడు. ఊపిరి గొట్టంతో ఒళ్ళు పెనుగులాడకుండా డాక్టర్లు రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి కండరాలను కదలకుండా చేసేది, రెండోది మనిషిని నిద్రపుచ్చేది. ఆర్లిస్‌కి మొదటిది అసలుది దొరికింది. రెండోది ఉప్పునీళ్ళు. చిటికెనవేలు కూడా కదపలేకుండా, పూర్తి మెలకువతో, రెండు రోజులు పడి ఉన్నాడు. కదలని మనిషి కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నర్సు చూసింది. సంగతేమిటో తేలేసరికి అంతా అయిపోయింది. ఆ రెండు రోజులకూ ఎవరో ఒకరు బదులు చెప్పాలి. మాటలతో కాదు.

"ముఠా పెద్దలు సముద్రం అవతల ఉన్నారు," అన్నాడు హాలిస్. "ఆసుపత్రికొచ్చిన అసలు మత్తుమందు లాగేసి, అదే సీసాలో నకిలీ పెడతారు. అసలుది విదేశాల్లో పదింతలకి అమ్ముతారు. ఈసారి వాళ్ళ గురి, నీ తమ్ముడు పోయిన ఆసుపత్రికే రేపు వచ్చే అత్యవసర సరుకు. అక్కడ ఇప్పుడు వెంటిలేటర్ల మీద ఇరవై రెండు మంది ఉన్నారు."

"లోపల మనవాళ్ళెవరు?"

"ఇద్దరు. ఐసీయూ ఫార్మసీ హెడ్ బెర్నడెట్ వోయ్‌చిక్. ఆవిడ నోటితో కాస్త జాగ్రత్త. ఇంకొకరు మన వివియన్ సొరెల్. పదేళ్ళు క్లీవ్‌లాండ్‌లో ఐసీయూ ఫార్మసిస్టుగా చేసి మన శాఖలోకొచ్చింది కదా, సాయానికొచ్చిన ఫార్మసిస్టు వేషం ఆమెకి అతికినట్టుంటుంది."

హాలిస్ అద్దం సందులోంచి ఒక పెన్నును రెండు కార్ల మధ్య నేలమీదికి జార్చాడు. సీసాకి ఆనిస్తే, లోపల ఉన్నది అసలు మందైతే పచ్చ లైటు, నకిలీ అయితే ఎర్ర లైటు. వివియన్ స్వయంగా ల్యాబులో పరీక్షించి పంపిందట.

మర్నాడు పొద్దున్నే డెస్మండ్ ఫార్మసీ టెక్నీషియన్ వేషంలో ఆసుపత్రి బేస్‌మెంటులోని ఫార్మసీకి దిగాడు. అరవై ఏళ్ళ పొట్టి మనిషి ఒకావిడ, మాస్కు మీద మాస్కుతో, లెక్కలేసిన కాగితం లోంచి తలెత్తింది.

"పంచ్‌కీలు మిగిలాయా?" అన్నాడు కోడ్ ప్రకారం, లెంట్ ఉపవాసాల ముందు తినే పోలిష్ తీపి బన్నుల పేరెత్తి.

"ఈస్టర్ వెళ్ళాక పంచ్‌కీలు ఎవడు తింటాడు?" అంది బెర్నడెట్ కోడ్ ప్రకారమే. తర్వాత కోడ్‌లో లేనిది కూడా అంది. "గౌను వెనకది ముందుకి తొడుక్కున్నావు నాయనా. గూఢచారివి అంటే నిజమేనని నమ్ముతాలే, టెక్నీషియన్‌వి అంటే మాత్రం నమ్మను."

అక్కడ యుద్ధం ఎలా జరుగుతోందో డెస్మండ్ ఆ రెండు గంటల్లో చూశాడు. పాత మందు ఆ మధ్యాహ్నం దాకే ఉంది. దాన్ని ఇరవై రెండు మందికి బొట్టు వృథా కాకుండా పంచాలి. బెర్నడెట్ పై అంతస్తుకి వెళ్ళి, గాజు తలుపు బయటే నిలబడి ఒక్కొక్కరి కిడ్నీ, బరువు, నిద్ర లోతు చూసి డోసులు మార్చేది. గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ కొత్త గౌను కావాలి, గౌన్లకీ కరువే కాబట్టి, మందు పంపులను గదుల్లోంచి కారిడార్‌లోకి లాగి, పొడుగాటి గొట్టాలు తలుపు కిందుగా పోనిచ్చారు. ఆ ఆలోచన ఆవిడదే. టీవీలో మాత్రం ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు.

పదకొండింటికి సరుకు వచ్చింది. దింపించుకున్నది వివియన్. రెండు మాస్కులూ, కళ్ళజోడూ కలిసినా ఆ అందాన్ని దాచలేకపోయాయి. గార్డు గుర్తింపు కార్డు అడగడం మరిచిపోయి ఆమెకి తలుపు పట్టుకున్నాడు.

డెస్మండ్ పది సీసాలకు పెన్ను ఆనించాడు. పదీ పచ్చే.

"అన్నీ అసలువే," అంది వివియన్ అతని భుజం తట్టి. "ఇక ఎవరూ మీ ఆర్లిస్‌లా మేలుకోరు డెజ్. నువ్వు పైకి వెళ్ళు. రెండింటికి మార్చాల్సిన సిరంజీలు నేను నింపుతాను."

అతను ఆమెకి థాంక్స్ చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటాడు.

ఒకటీ ముప్ఫై ఎనిమిదికి బెర్నడెట్ కేక బేస్‌మెంటంతా వినిపించింది.

"ఎవరి చేతిరాత ఇది?"

లేబుల్ ప్రింటర్ పొద్దుట్నుంచి మొరాయించింది. సిరంజీల మీద లేబుళ్ళు వివియన్ చేత్తో రాసింది. అప్పుడే పైనుంచి దిగొచ్చిన డెస్మండ్‌కి అందులో తప్పేమీ కనిపించలేదు. మిల్లీలీటరుకి 5.0 మిల్లీగ్రాములు, అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"బాగానే ఉందిగా మేడమ్?"

"బాగుందా! ఐదు తర్వాత పాయింటు, దాని తర్వాత సున్నా! ఆ చుక్క చెరిగిందనుకో, ఐదు కాస్తా యాభై. మనిషి పోతాడు. మొదటి వారం నేర్పే పాఠమిది. తలకాయ తిరిగినా, చెయ్యి వణికినా, ఏ ఫార్మసిస్టూ ఆ సున్నా పెట్టడు. ముప్ఫై ఐదేళ్ళలో నేను పెట్టలేదు, పెట్టినవాడు నా దగ్గర నిలవలేదు." ఆవిడ ఆగింది. "పదేళ్ళు ఐసీయూలో చేసిందని ఎవరు చెప్పారయ్యా నీకు?"

డెస్మండ్‌కి అది చెప్పింది వివియన్ ఫైలు. ఆ ఫైలు అబద్ధమైతే, ఆమె తమ శాఖలోకి వచ్చిందే ముఠా పంపితే?

పెన్ను తీసి బెర్నడెట్ కాఫీ కప్పుకి ఆనించాడు. పచ్చ. తన బూటుకి ఆనించాడు. పచ్చ.

"నీ బూటు కూడా అసలు మందే," అంది బెర్నడెట్. ఒక సిరంజిలోంచి చుక్క వేలి మీద వేసుకుని, మాస్కు ఎత్తి నాలికకి అద్దుకుంది. "ఈ మందు చేదు విషం. ఇది ఉప్పునీళ్ళు. పైన పాత సిరంజీలు అయిపోవస్తున్నాయి. అందరికన్నా ముందు తొమ్మిదో నంబరుకి, సరిగ్గా రెండింటికి. అసలు సీసాలు వెతుకు. పరిగెత్తు!"

పరిగెత్తాడు. వెనక లోడింగ్ డాకులో వ్యాను ఇంజన్ ఆన్‌లో ఉంది. ఊళ్ళో వాళ్ళు స్టాఫ్‌కి పిజ్జాలు పంపుతున్న రోజులవి. ఖాళీ పిజ్జా పెట్టెలు ఆ వ్యానులోనే తిరిగి వెళ్ళేవి. వివియన్ చేతుల్లోని పెట్టెలు మాత్రం గలగలమంటున్నాయి.

"ఖాళీ పెట్టెలు ఇంత జాగ్రత్తగా మోస్తున్నావేం?" అన్నాడు డెస్మండ్.

ఆమె పెట్టెలు దింపి, గౌను మడతలోంచి పిస్తోలు తీసింది. "నువ్వు పైనే ఉండాల్సింది డెజ్."

మొదటి గుండు అతని చెవి పక్కనుంచి పోయింది. రెండోది పేలేలోపే, పక్కనున్న మందుల బండిని ఒక్క తాపు తన్నాడు. బండి ఆమె మోకాళ్ళకు తగిలింది. వెనక్కి పడి తల సిమెంటు గట్టుకి కొట్టుకుంది. పిస్తోలు వ్యాను కిందికి జారింది. డ్రైవరు వ్యాను వదిలేసి పారిపోతూ గార్డులకు చిక్కాడు.

పిజ్జా పెట్టె మూత లేచింది. లోపల మత్తుమందు సీసాల మధ్య ఎర్రమూత సీసాలు కూడా ఉన్నాయి. కండరాలను కదలనివ్వని మందు. డెస్మండ్ ఒకటి తీశాడు. సిరంజి నింపాడు. వివియన్ ఛాతీ మీద మోకాలు పెట్టి, సూది ఆమె మెడకి ఆనించాడు.

"మార్చిలో ఆ నకిలీ సరుకు చేర్చింది నువ్వేనా?"

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. అతనికి ఆ జవాబు చాలు.

"నిద్రమందు లేకుండా ఇది ఎలా ఉంటుందో చూద్దువుగాని. వాడు రెండు రోజులు చూశాడు. నీకు రెండు నిమిషాలు చాలు."

అతను బొటనవేలు సిరంజి పిడి మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ నిద్రలో కూడా ఈ క్షణం కోసమే బతికాడు. ఆమె కళ్ళలో భయం చూస్తుంటే, సిగ్గు లేకుండా, హాయిగా ఉంది.

"ఆ సిరంజి ఇలా ఇవ్వు." వెనక బెర్నడెట్, రొప్పుతూ.

"మీరు అడ్డం రాకండి మేడమ్. ఇది నా తమ్ముడి లెక్క."

"నీ తమ్ముడికి నేనూ ఏడ్చాను. ఇది చావాల్సిందే, కాదనను. కానీ నీ చేతిలో ఉన్నది ఆరో నంబరు ముసలాయనకి ఈ పూట డోసు. దీని మీద ఖర్చు పెట్టడానికి నా దగ్గర మిగులు లేదు. రేపు ఎప్పుడైనా మందు దండిగా వస్తే, అప్పుడు రా, ఆలోచిద్దాం."

డాకు గోడ మీద గడియారం ఒకటీ యాభై ఐదు చూపిస్తోంది. డెస్మండ్ పళ్ళు నూరాడు. సిరంజి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇచ్చినందుకు ఇప్పటికీ బాధే, కానీ ఇచ్చాడు. వివియన్ చేతులకి బేడీలు వేసి గార్డులకు అప్పగించి, పెట్టెలు రెండు చంకల్లో పెట్టుకుని మెట్లెక్కాడు.

కారిడార్‌లో బెర్నడెట్ సీసా అంచుని స్పిరిట్‌తో తుడిచి, మందు లాగి, లేబులు రాసింది. 5, అంతే, పక్కన ఏమీ లేదు. నర్సు మళ్ళీ చదివి సరే అంది. తొమ్మిదో నంబరు గదిలో స్కూలు వంటమనిషి ఒజెల్లా బోర్లా పడుకుని ఉంది. కారిడార్‌లోని ఆమె పంపు అలారం మొదలెట్టింది. తెర మీద పన్నెండు సెకన్లు. బెర్నడెట్ పాత సిరంజి తీసి కొత్తది బిగించింది. మూడు సెకన్లు ఉండగా పంపు పచ్చబడింది. గాజు వెనక ఒజెల్లా నిద్ర చెదరలేదు.

డెస్మండ్ గోడకి ఆనుకుని కూలబడి, ఆర్లిస్ పోయాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చాడు. బెర్నడెట్ అతన్ని ఓదార్చలేదు. ఎనిమిదో నంబరు సిరంజి నింపడం మొదలెట్టింది.

మూడింటికి చీఫ్ హాలిస్ వచ్చేదాకా వివియన్‌ని బేస్‌మెంటు ఫార్మసీలో కుర్చీకి కట్టేశారు. తల వెనక నిమ్మకాయంత బొప్పి. ఇరవై రెండు సిరంజీలూ మార్చి బెర్నడెట్ కిందికి దిగేసరికి ఆమె మూలుగుతోంది.

"తల పగిలిపోతోంది. కనీసం ఒక నొప్పిమాత్ర ఇవ్వండి."

బెర్నడెట్ వెనక అలమారలో నేల నుంచి పైకప్పు దాకా నొప్పిమాత్రల డబ్బాలే. ఆవిడ ఓపిగ్గా వెనక్కి తిరిగి, పై అర నుంచి కింది అర దాకా ఒక్కొక్కటీ చూసింది.

"స్టాకు లేదమ్మా," అంది.