కణితికి తిండి

ఆ ఉదయం ఇల్లు ఎప్పటిలాగే ఉంది. అత్తయ్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తలకు రుమాలు, దాని కింద ఆపరేషన్ కుట్లు. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి, చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకు పిచ్చెక్కుతుంది. బడిలో లెక్కలు చెప్పే కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, అమ్మ మాత్ర వేసుకుందో లేదోనని ఓరకంట చూస్తున్నాడు.

అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. తెల్లారకముందే ల్యాబ్‌కి వెళ్ళిన కోడలు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది. మెదడు కణితుల మీద పరిశోధన చేసే డాక్టరు ఆమె, మామూలుగా గొంతెత్తి మాట్లాడదు. ఇవాళ మాత్రం వస్తూనే అత్తయ్యను వాటేసుకుంది.

"పెరుగుతోంది అత్తయ్యా! పెరుగుతోంది!"

"ఏంటి పెరిగేది?" అన్నాడు కొడుకు, ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి.

"కణితండీ!"

అతను ఒక్క అంగలో అమ్మ పక్కకొచ్చాడు. "అమ్మకి మళ్ళీ వచ్చిందా? దానికి నువ్వు గంతులేస్తున్నావా?"

అత్తయ్య మెల్లగా తల తడుముకుంది. "నా తల్లోనా, నీ పళ్ళెంలోనా? ముందది చెప్పు తల్లీ."

"పళ్ళెంలో అత్తయ్యా, పళ్ళెంలో!"

"హమ్మయ్య! ఒరేయ్, చొక్కా మాడుతోంది చూసుకో."

అతను చొక్కా వంక చూడనైనా చూడలేదు. "ఏ పళ్ళెం?"

కోడలు గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. ఆపరేషన్‌లో తీసిన కణితిలోంచి చిన్న ముక్క ఆమె ల్యాబ్‌కి వచ్చింది, కణాలు పెంచే చిన్న పళ్ళెంలోకి చేరింది. తలలో కణితి వేర్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, వాటికి మందు మొదలుపెట్టాలి. మందులు రెండున్నాయి. రెండూ కలిపి ఇస్తే ఆవిడ ఒళ్ళు తట్టుకోదు, ఏది పనిచేస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ముక్కలోని కణాలు బయట బతికితే మందుల్ని ముందు వాటి మీద వేసి చూడొచ్చు. అవేమో ఇన్నాళ్ళూ మొండికేసి, ఇవాళే పెరగడం మొదలుపెట్టాయి.

"మా అమ్మ మీద ప్రయోగాలా?" కొడుకు గొంతు ఇల్లంతా మోగింది. "నన్నొక్క మాటైనా అడిగావా? ఆవిడ నీ ల్యాబ్‌లో ఎలకనుకున్నావా?"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దాన్నేం అనకు. ఇచ్చింది నేను," అంది అత్తయ్య. "తల నాది, కణితి నాది. నీకు చెబితే ఏడుస్తావని చెప్పొద్దన్నాను."

"ఇప్పుడు మాత్రం ఏడవట్లేదా నేను? నువ్వు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని వింటూ కూర్చుంటున్నానమ్మా. మీరిద్దరూ ఒకటై నన్ను పరాయివాణ్ణి చేశారు."

అత్తయ్య చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. కొడుకు అంత భయాన్ని లోపల దాచుకున్నాడని ఆవిడకు నిజంగానే తెలియదు.

"తప్పేరా," అంది చివరికి. "పద, అదేంటో ముగ్గురం కలిసి చూద్దాం."

ల్యాబ్‌లో ఆవిడకు తెల్లకోటు తొడిగారు. అంచు కుట్టు ఊడిందని ఆవిడ ముందు దాన్నే విమర్శించింది. తర్వాత మైక్రోస్కోపులోకి వంగి చూసింది. సన్నటి దారప్పోగుల్లా కణాలు పళ్ళేనికి అతుక్కుని ఉన్నాయి.

"ఇంత లేదు, ఇదా నన్ను మంచాన పడేసింది! తిండేంటి దీనికి?"

"ఈ గులాబీరంగు నీళ్ళు అత్తయ్యా. రోజు మార్చి రోజు కొత్తవి పోస్తాను."

"నన్ను చంపడానికొచ్చిన దాన్ని కూర్చోబెట్టి మేపుతున్నావన్నమాట!"

అందరికన్నా ముందు పగలబడి నవ్వింది కొడుకే. నవ్వుతూనే భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

కోడలు కణాల్ని మూడు పళ్ళేల్లో పెట్టి, రెండింటిలో చెరో మందు వేసింది, మూడోది పోల్చి చూడటానికి మందు వేయకుండా ఉంచింది. ఆ తర్వాతి వారం ఒక ఉదయం ల్యాబ్ నుంచి ఫోన్ మోగింది. అతను ఎగిరి అందుకుని స్పీకర్ నొక్కాడు. "చచ్చాయా?"

"రెండో మందుకి దాదాపు అన్నీ చచ్చాయండీ! తలలోనూ అలాగే అవుతుందని గట్టిగా చెప్పలేను. కానీ పెద్ద డాక్టరుగారు దాంతోనే మొదలుపెడదామన్నారు!"

అతను అమ్మను కుర్చీతో సహా ఎత్తినంత పని చేశాడు.

"ఉండరా! అమ్మాయ్, మందు వేయని పళ్ళెం సంగతేంటి?"

"అందులోవి బతికే ఉన్నాయి అత్తయ్యా. పారేయమంటారా?"

"నేను పోయాక కూడా బతుకుతాయా అవి?"

"అమ్మా!"

"అడగనీరా."

"జాగ్రత్తగా చూసుకుంటే బతుకుతాయి," అంది కోడలు నెమ్మదిగా. "ఈ జబ్బున్న వేరేవాళ్ళ కోసం కొత్త మందులు వాటి మీద పరీక్షించొచ్చు."

"అయితే పారేయకు. ఊరికే తిని కూర్చోనివ్వకు, పని చేయించు."

అవతల కోడలు వెక్కివెక్కి ఏడుస్తోంది. కొడుకు అమ్మ రుమాలు సర్ది, ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఆ గులాబీ నీళ్ళు అయిపోతే చెప్పు," అన్నాడు. "నేను మోసుకొస్తాను."