కింది ఇంటి వైఫై

“నీ ఫ్రెండ్ సత్యదేవ్ మొహం ఈరోజు అమ్ముడుపోతోంది,” అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ పద్మనాభం, ఏసీ చల్లగాలికి కాళ్లు చాపుకుని.

ఏజెంట్ బ్రహ్మచారికి ఒళ్లు మండింది. తిరుమలగిరిలో తమ ట్రైనింగ్ గ్రౌండ్‌ను ఎవడో వీడియో తీస్తున్నాడని నెల కిందటే మొత్తుకున్నాడు. ఈ పెద్దమనిషి వింటేనా! ఆ వీడియోలో ఉన్న సత్యదేవ్ ఇప్పుడు సరిహద్దు అవతల మారుపేరుతో బతుకుతున్నాడు. శత్రువు ఆ మొహం చూశాడంటే సాయంత్రానికి శవమే.

“అమ్మేవాడు జ్ఞానశేఖర్. పద్మారావు నగర్‌లో పై పోర్షన్. ఉన్నది ఒక్కటే కాపీ, వాడి కంప్యూటర్‌లో. అది ఉన్న గదికి స్టీలు తలుపు, వాడి వేలిముద్రకే తెరుచుకుంటుంది. హాల్లో టీవీకి పెట్టిన గేమ్ కన్సోల్‌కు వైఫై మీద స్ట్రీమ్ చేసి చూపిస్తాడట. నచ్చితేనే ఫైలు ఇస్తాడు. కొనే విదేశీయుడి పక్కన హదస్సా ఉంటుంది.”

“ఆమె మనదా, వాళ్లదా?”

“చెవిపోగులో మైక్ మనదే. మనసు ఎవరిదో ఈరోజు తెలుస్తుంది.”

“మంచిగుంది సార్! నేను సచ్చినంక తెలుస్తది.”

మధ్యాహ్నం బ్రహ్మచారి బ్రాడ్‌బ్యాండ్ మెకానిక్ వేషంలో కింది పోర్షన్ తలుపు కొట్టాడు. రౌటర్ ఇంటావిడ విజయమ్మ షోకేసులో ఉంది. దేశాన్ని అమ్ముకునే జ్ఞానశేఖర్, నెట్ మాత్రం కింది ఇంటితో పంచుకుంటున్నాడు!

“అమ్మా, లైన్ టెస్టు. టీవీ, ఫోన్లు, ట్యాబు, అన్నిట్ల వీడియోలు పెట్టు.”

“అన్నీ ఒక్కపారేనా? ఏందయ్యా గిది, ఇల్లా, టీవీల దుకాణమా?”

“జెర జల్దీ అమ్మా!”

విజయమ్మ ఇల్లు హోరెత్తింది. బ్రహ్మచారి ఇయర్‌ఫోన్‌లో జ్ఞానశేఖర్ బూతులు మొదలయ్యాయి. తర్వాత, వాకిట్లో మెకానిక్ బండి చూసినట్టున్నాడు, పై బాల్కనీలోంచే కేక వచ్చింది. “ఏయ్ మెకానిక్! ఏం చేసినవ్ రా నెట్‌ను? పైకి రా!”

పైన టీవీలో బొమ్మ బిగుసుకుపోయి ఉంది. టోపీ పెట్టుకున్న సత్యదేవ్ సగం ఇటు తిరిగాడు. అతని మీద బఫరింగ్ చక్రం తిరుగుతోంది. సోఫాలో విదేశీయుడు గుడ్లురుముతున్నాడు. పక్కనే ఎర్రచీరలో హదస్సా నవ్వుతోంది.

“లోపల కంప్యూటర్ సుత చూడాలె సార్.”

“చూసి తగలడు!” జ్ఞానశేఖర్ విసురుగా వేలు పెట్టాడు. స్టీలు తలుపు తెరుచుకుంది.

బ్రహ్మచారి మోచేయి వాడి ముక్కు పగలగొట్టింది. అంతలో హాల్లో చక్రం ఆగి బొమ్మ కదిలింది. టోపీ అంచు కింద గడ్డం కనిపించింది, పెదవులు కనిపించాయి... బ్రహ్మచారి హార్డ్‌డిస్క్ పీకేశాడు. తెర నల్లబడింది.

వెనక పిస్టల్ క్లిక్‌మంది. తిరిగి చూస్తే, అది విదేశీయుడి మెడ మీద ఉంది. పట్టుకున్నది హదస్సా.

“ఇంత లేటా?” అంది.

“నువ్వెవరి మనిషివో చెప్పి ఉంటే జల్దీ వస్తుంటి!”

అప్పుడే చీఫ్ ఫోన్. “శభాష్! సత్యదేవ్‌కు ఇదంతా తెలియనివ్వకు. పాపం, కంగారు పడతాడు.”

“పరేషాన్ గాకుండ్రి సార్. ఆయన దుష్మన్ల నడుమ పైలంగనే ఉన్నడు. మన ఆఫీసుకొస్తేనే ప్రాణం మీదికొస్తది.”