గాజుతొట్టిలో నల్లరేగడి

నాగరాజన్ ఆ ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా చీపురు పట్టుకుని పట్టమ్మాళ్ నిలబడి ఉంది. చీపురు ఎదురైతే మంచి శకునం కాదంటారు పెద్దలు. అతను శకునాలు నమ్మడు. కోవిల్‌పట్టి హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టరు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దారి తప్పినావా బావా?" అంది పట్టమ్మాళ్.

"మామ రమ్మన్నాడు. గాజుతొట్టి పని."

"పని ఉంటే వస్తావు. అమ్మ పోయి రెండేండ్లాయె. ఈ ఇంట మనుషులు ఉండారా లేదా అని చూసేదానికి మాత్రం నీకు దారి తెలియల్యా?"

చీపురు పట్టుకున్న ఆడపిల్ల ముందు ఏ జవాబూ పనికిరాదు. ఆమె పక్కకు తప్పుకుంది. అతను తల వంచుకుని లోపలికి నడిచాడు.

పట్టమ్మాళ్ తల్లి వల్లియమ్మాళ్ నాగరాజన్‌కు సొంత మేనత్త. తామ్రపర్ణి ఒడ్డున పుట్టి, పొద్దున లేస్తూనే ఏటి ముఖం చూస్తూ పెరిగిన మనిషి. ఆమెను కోవిల్‌పట్టి లక్ష్మణసామి నాయుడికిచ్చి చేశారు. నాయుడికి నల్లరేగడి పొలం బోలెడంత ఉంది. పత్తి పండుతుంది, సజ్జ పండుతుంది. నీళ్లు మాత్రం వాన పడితేనే. పెరట్లో బావి తవ్వించాడు, ఉప్పునీళ్లు పడ్డాయి. ఇంకోచోట తవ్వించాడు, అక్కడా ఉప్పే. కంటికి నీళ్లు కనబడని ఇల్లు ఏమి ఇల్లని వల్లియమ్మాళ్ అప్పుడప్పుడూ అనేది. వానాకాలంలో ఇత్తడి గంగాళం నిండా వాననీళ్లు పట్టి, నడిమింట్లో పెట్టుకుని, దాని పక్కన కూర్చుని బియ్యం ఏరుకునేది. ఆ సంబరం ఆమెకు చాలేది. ఆయనకే చాలేది కాదు.

జ్వరం వచ్చి ఆమె పోయింది. కర్మాంతరం నాడు ఆమె అన్న కుమారసామి, అంటే నాగరాజన్ తండ్రి, అందరూ వింటుండగా నడిమింట్లో నిలబడి ఒక మాట అన్నాడు.

"ఈ మన్నుకు ఇచ్చి నా చెల్లెల్ని చంపుకొంటిని. ఇంగ ఈ ఇంట చుక్క నీళ్లు ముట్టను."

దుఃఖంలో అన్నమాటే. కానీ అన్నవాడి దుఃఖం చల్లారినా పడ్డవాడికి మాట మిగిలిపోతుంది. ఆనాటినుంచి రెండిళ్ల మధ్యా రాకపోకలు లేవు.

1934లో లక్ష్మణసామి పత్తి బేరానికి విరుదునగర్ వెళ్లి, ఒక వ్యాపారి ఇంట్లో గాజుతొట్టి చూశాడు. మూరెడు తొట్టి. అందులో పచ్చటి నీటిమొక్కలు, వాటి మధ్య తిరిగే చిన్న చేపలు. బేరం మాట మరిచిపోయి దాని ముందే నిలబడ్డాడు. అలాంటిది తన ఇంట్లో మనిషి పొడుగున ఉండాలనుకున్నాడు. ఎవరికోసమో ఎవరికీ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. మిల్లు దగ్గర కొలిమి పెట్టుకున్న సోలైమలై ఇనుప చట్రం చేస్తానన్నాడు గానీ, లోపలి సంగతి బడిలో సైన్సు మాస్టరును అడగమన్నాడు. సరే పిలవమన్నాడు నాయుడు. రాకపోకలు లేని ఆ రెండేళ్లలో బడిలో చేరిన ఆ మాస్టరు, తీరా బావగారి కొడుకని తేలింది.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు లక్ష్మణసామి. పని చేసుకో, మీ నైన పేరు మాత్రం ఈ ఇంట ఎత్తొద్దు అన్నాడు.

ఆ విరుదునగర్ వ్యాపారి తన చిన్నకొడుక్కు పట్టమ్మాళ్‌ను అడిగి ఉన్నాడు. కార్తీకం పోయాక చెబుతానన్నాడు నాయుడు. మేనమామ కొడుకు ఉండగా పిల్ల బయటికి వెళ్లడం వాళ్లలో ఆనవాయితీ కాదు. అయితే వచ్చి అడిగేవాడుంటే కదా ఆనవాయితీ. పట్టమ్మాళ్ ఎదురుచూసి ఎదురుచూసి విసిగింది. చిన్నప్పటినుంచీ ఆమెను తప్ప ఇంకొకరిని ఊహించుకోని నాగరాజన్, ఊరిలోనే ఉంటూ ఆ వీధి వైపు రాలేదు.

పని మొదలైంది. దళసరి గాజు పలకలు మదురై నుంచి రైల్లో వచ్చాయి. నాగరాజన్ సిందూరం, సుద్దపొడి, అవిసెనూనె కలిపి లప్పం నూరి, చట్రంలో పలకలు అతికించాడు. సాయంత్రం బడి వదలగానే వచ్చేవాడు. నాయుడు అరుగు మీద కూర్చుని ఉండేవాడు. తలుపులు తెరిచి ఉండేవి. పట్టమ్మాళ్ వంటింటి గుమ్మంలో కూర్చుని ఏదో ఒకటి ఏరుతూ, చెరుగుతూ ఉండేది. చెరిగిందే చెరుగుతోందని ఆయన గమనించాడో లేదో తెలియదు.

"చేతులంతా ఎర్రగా ఉండాయి. పెండ్లికొడుకు మాదిరి," అంది ఒకనాడు.

నాగరాజన్ చేతులు చూసుకుని, పంచెకు తుడుచుకోబోయి, పంచె తెల్లనిదని గుర్తొచ్చి ఆగాడు. ఆమె నవ్వు దాచుకుంది. వెంటనే విరుదునగర్ సంగతి గుర్తొచ్చి ఇద్దరికీ నవ్వు ఆరిపోయింది.

ఆదివారం నాగరాజన్ రైలెక్కి తామ్రపర్ణి ఒడ్డున ఉన్న సొంతూరికి వెళ్లాడు. ఏటి మడుగులోంచి రిబ్బన్లలాంటి ఆకుల నీటిగడ్డి, కలువ దుంపలు, కుండెడు చిన్నచేపలు తెచ్చాడు. ఎండకు వాడకుండా కడంబూరు స్టేషన్లో దిగి, మొక్కలకు చుట్టిన గోనెపట్టా మళ్లీ తడిపాడట. ముందు మొక్కలు నాటుకోవాలనీ, అవి నీళ్లలో ఊపిరి వదిలితేనే చేపలు బతుకుతాయనీ పట్టమ్మాళ్‌కు వివరించాడు. పాఠం బాగుంది గానీ పరీక్ష ఎప్పుడో చెప్పమంది ఆమె. అతను కుండలోని చేపలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

అడుగున ఏటి ఇసుక పరుద్దామనుకున్నాడు నాగరాజన్. ఆలోపే లక్ష్మణసామి తన పొలం నల్లరేగడి మన్ను గోతాలకెత్తి స్వయంగా బండి తోలుకొచ్చాడు.

"నా కరిసల్ మన్ను. పత్తి పండుద్ది దీంట్లో. గడ్డి బతకదా?" అన్నాడు.

నల్లరేగడి నీళ్లు తాగితే పొంగుతుంది. గోడ కడితే గోడను చీలుస్తుంది. అందుకే ఆ సీమలో ఇల్లు కట్టాలంటే రేగడి అంతా తవ్విపోసి, పునాదిలో ఇసుక నింపుతారు. అక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. లక్ష్మణసామికీ తెలుసు. కానీ ఆయన ఆ రోజు తొట్టిలో మన్ను పోయడం లేదు. రెండేళ్ల కింద నడిమింట్లో పడ్డ మాటకు బదులు చెబుతున్నాడు.

నాగరాజన్‌కు అది అర్థమైంది. ఈ మన్ను పనికిరాదంటే తండ్రి అన్నమాటే మళ్లీ కొడుకు నోట వచ్చినట్టవుతుంది. నోరు తెరిచాడు, మూశాడు. కొంచెం నానబెట్టి వేద్దామా అని సన్నగా అడిగాడు. వద్దన్నాడు నాయుడు. పొడిమన్ను జానెడు మందాన పోసి, పిడికిళ్లతో తానే గట్టిగా అదిమాడు. నాగరాజన్ నోరు తెరవడం, మూయడం వంటింటి గుమ్మంలోంచి పట్టమ్మాళ్ చూసింది.

వాన రెండో రోజుకే వచ్చింది. చూరు కింద బిందెలు, అండాలు, చివరికి పాలచెంబు కూడా పెట్టారు. బావా మరదలూ అటూ ఇటూ పరిగెత్తి పూర్తిగా తడిశారు. ఆమె ముక్కు మీద నీటిబొట్టు ఒకటి ఆగి ఉంటే, అది ఎప్పుడు జారుతుందా అని చూస్తూ నాగరాజన్ నిండిన బిందెను వదిలేశాడు. వాన పోనిచ్చే మాస్టరును ఇప్పుడే చూస్తుండానని ఆమె కసిరింది. తొట్టిలో మన్ను కదలకుండా పళ్లెం బోర్లించి, దానిమీద సన్నధారగా నీళ్లు పోశారు. నీళ్లు తేరుకున్నాక మొక్కలు నాటారు. ఇంకొన్నాళ్లకు చేపలను వదిలారు. లక్ష్మణసామి పొలానికి వెళ్లడం మానేసి దాని ముందే కూర్చున్నాడు. భార్య పోయాక ఆయన ముఖం అంత తేటగా ఉండటం పట్టమ్మాళ్ చూడలేదు.

అది ఎన్నో రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం, నాగరాజన్ వచ్చి ఉండగానే, మూల లప్పం ఊడి, గాజు కిందినుంచి పైదాకా చీలింది. నల్లటి నీళ్లు నడిమింట్లోకి దూకాయి. అతను గోనెపట్టా తీసుకుని చీలిక మీద అదిమాడు, అరచెయ్యి తెగింది. పట్టమ్మాళ్, అమ్మ వాడిన ఇత్తడి గంగాళం లాక్కొచ్చి, మిగిలిన వాననీళ్లు పోసి, నేల మీద కొట్టుకుంటున్న చేపలను దోసిళ్లతో అందులో వేసింది.

లక్ష్మణసామి కదలలేదు.

"మీ నైన చెప్పింది నిజమే అయిపోయె," అన్నాడు చివరికి. "నా మన్ను దేన్నీ బతకనియ్యదు."

పట్టమ్మాళ్ గంగాళం పక్కనుంచి లేవకుండానే అడిగింది.

"నైనా, ఈ గోడ కింద తాత ఏమి పోసినాడు?"

"ఇసుక."

"మన మన్ను చెడ్డదనా పోసినాడు?"

ఆయన గోడ అడుగుకేసి చూశాడు.

"మన మన్ను నీళ్లు తాగితే పొంగుద్ది. దానికి చోటు కావాల. అంతే. నీకు తెలుసు. మామ మీద కోపంలో మరిచినావు. బావకీ తెలుసు. నీ మీద బయంతో నోరు మూసుకునె." ఆమె నాగరాజన్ వైపు తిరిగింది. "తెలిసీ చెప్పకపోయేది మర్యాద కాదు బావా. రెండేండ్లు రాకపోయినావే, అదీ ఇట్లాంటి మర్యాదేనా?"

నాగరాజన్ చేతినుంచి రక్తం కారుతోంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదనుకున్నాడో, అంతకంటే చెడ్డది రాదనుకున్నాడో.

"వస్తే నిన్ను అడగాల," అన్నాడు. "అడిగితే మామ లేదంటాడు. లేదన్నాక ఇంగ ఆశ కూడా ఉండదు. రాకుండా ఉంటే ఆశ అన్నా మిగులుద్ది అనుకుంటిని. నువ్వంటే నాకు అంత ఇష్టం పట్టమ్మా. అంత పిరికితనం కూడా."

ఆమె తల వంచుకుని గంగాళంలోకి చూసింది. చేపలు కనబడుతున్నాయో లేదో, కళ్లు నిండిపోయాయి.

"మామా, మీరు ఎత్తొద్దన్న పేరు ఎత్తుతాను," అన్నాడు నాగరాజన్. "ఆ కలువ దుంప పీకింది నేను కాదు. మా నైన. ఎవరికని అడిగె, చెప్తిని. మాట్లాడకుండా మోకాటి లోతు దిగి ఆయనే పీకె. చెల్లెలికి ఈ పువ్వంటే ఉసురు, అంత ప్రాణం అనె."

లక్ష్మణసామి వంగి, బురదలో పడి ఉన్న కలువను తీసి, పైపంచెతో తుడిచి, గంగాళంలో వేశాడు. తర్వాత గాజు మళ్లీ మదురైలోనే దొరుకుతుందా అని అడిగాడు.

ఈసారి అడుగున ఇసుక పరిచారు. నల్లరేగడిని చిన్న మట్టిమూకుళ్లలో సగానికి నింపి, పైన కాస్త ఇసుక వేసి, మొక్కలు వాటిలో నాటారు. ఆ ఉపాయం పట్టమ్మాళ్‌ది. మన్ను పొంగింది, పొంగడానికి చోటుంది గనక ఊరుకుంది. కార్తీకం రాగానే కలువ మొగ్గ నీళ్లపైకి వచ్చింది.

లక్ష్మణసామి విరుదునగర్‌కు మనిషిని పంపి, పిల్లకు బావ ఉన్నాడని చెప్పించాడు. కుమారసామి ఊరికి మాత్రం మనిషిని పంపలేదు. తాంబూలం పట్టుకుని తానే రైలెక్కాడు. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఆలోచించి వస్తానన్నాడట కుమారసామి.

వచ్చాడు. నడిమింట్లో, ఆనాడు ఆ మాట అన్న చోటే ఆగిపోయాడు. ఎదురుగా వెలుతురులో గాజుతొట్టి. నల్లరేగడి మూకుడులో వేళ్లూనిన తన ఏటి కలువ పైన ఒక పువ్వు విచ్చుకుని ఉంది. దగ్గరికి నడిచి నిలబడ్డాడు. పైపంచె కళ్లకు అద్దుకున్నాడు.

"మన్ను నాది బావా," అన్నాడు లక్ష్మణసామి. "దుంప నీది."

కుమారసామి తల ఊపాడు.

"దాహంగా ఉండాది. నీళ్లు తెమ్మా," అన్నాడు.

పట్టమ్మాళ్ లోపలికి వెళ్లింది. ఒక అండాలో పట్టి ఉంచిన వాననీళ్లున్నాయి. పక్కన బిందెలో పెరటి బావి నీళ్లు. చెయ్యి అండా వైపు వెళ్లి ఆగింది. అమ్మ ఈ ఇంట తాగినవి ఆ ఉప్పునీళ్లేనని గుర్తొచ్చింది. ఆయన ముట్టనని ఒట్టుపెట్టుకున్నదీ ఆ నీళ్లనే. బిందెలోంచి చెంబు ముంచుకుని వచ్చి, రెండు చేతులా అందించింది.

మొదటి గుక్కకే కుమారసామికి ఉప్పు తెలిసింది. చెంబు దించి ఆమె ముఖంలోకి చూశాడు. గోడ దగ్గర నిలబడ్డ నాగరాజన్ ఒక అడుగు ముందుకు వేశాడు. లక్ష్మణసామి తల తిప్పుకున్నాడు.

కుమారసామి మళ్లీ చెంబెత్తాడు. చుక్క మిగల్చకుండా తాగాడు. తర్వాత ఖాళీ చెంబు ఆమె ముందుకు చాపాడు.

"ఇంగ కొంచం పొయ్, కోడలా."

ఆమె బిందె తెచ్చి పోసింది. చెంబు నిండి నీళ్లు నేల మీదికి పొర్లాయి.