రిలీవర్ రాని సెంట్రీ

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు పోతే, అడవి మొదలయ్యే మలుపులో కాలిపోయిన పోలీసు ఔట్‌పోస్టు ఒకటి ఉంది. పొద్దుగూకితే ఆ పక్కకు గొర్రెల కాపరులు కూడా పోరు. రాత్రిపూట అక్కడ గంట మోగుతుంది... కొట్టే మనిషి మాత్రం కనబడడు.

ఇరవై రెండేళ్ల కిందట ఒకనాడు అర్ధరాత్రి దాటాక అన్నల దళం దానిమీద పడింది. సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ శాంసన్ గేటు దగ్గరే చనిపోయాడు. తరువాత అతని పేరు చెక్కి నాటిన రాయి, సెంట్రీలు గంటగంటకూ కొట్టే రైలుపట్టా ముక్క — కాలిన గోడల మధ్య ఆ రెండే మిగిలాయి.

శాంసన్ కొడుకు తిమోతి అప్పుడు మూడేళ్లవాడు. ఈ సంగతి అతడే మా అవ్వ ముందు కూర్చుని చెప్పాడు.

గంట మాట చెవిన పడిన నాటినుంచి అతని తల్లి కరుణమ్మకు కునుకు లేదు.

"రిలీవర్ వచ్చేదాకా సెంట్రీ కదలగూడదు రా. ఆ పొద్దు బదులు రావాల్సినోడు ఎవడో రాలేదు. మీ నాయన ఇంగా ఆడనే నిలబడుకోనుండాడు. పన్నెండుకు పొయ్యి చెప్పు — డ్యూటీ నేను తీసుకుంటా, నువ్వు పో నాయనా అని."

"ఏందమ్మా నీ పిచ్చి? పోయినోళ్లు డ్యూటీ చేస్తారా?"

"నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?"

అతడే వెళ్లాడు.

మలుపులో బండి ఆపి, చీకట్లో నడిచాడు. అప్పుడు — ఠంగ్! ఒకటి... రెండు... పన్నెండు దెబ్బలు.

తిమోతి అటెన్షన్‌లో నిలబడ్డాడు. తండ్రి గొంతు ఎలా ఉండేదో అతనికి గుర్తు లేదు. ఒక్కసారి వింటే చాలు...

"నాయనా... తిమోతిని. రిలీవర్‌ని వచ్చినా. నువ్వు ఇంటికి పో."

కాలిన గోడల లోపలినుంచి, గుసగుసగా —

"సరేప్పా... డ్యూటీ నీదే. ఎనక్కి చూడకుండా పో."

తిమోతికి కన్నీళ్లు పొంగాయి. గొంతు వచ్చిన వైపే రెండడుగులు వేశాడు. అంతలో గుప్పున సారా కంపు... ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోన్ లైటు వేశాడు.

నలుగురు మనుషులు. వెనుక చెక్కిన ఎర్రచందనం దుంగలు. శాంసన్ పేరున్న రాయిమీద ఒకడు ఉమ్మి ఊసి గొడ్డలి నూరుతున్నాడు. పేరులో మొదటి అక్షరం అప్పటికే అరిగిపోయింది. రాయి చుట్టూ కోడి ఈకలు, ఎంగిలి ఎముకలు. దుంగలు దాటించే రాత్రుల్లో జనం దడుచుకుని రాకుండా గంట కొట్టేది వీళ్లే.

సుత్తి పట్టుకున్న మనిషిని తిమోతి గుర్తుపట్టాడు. రిటైరైన కానిస్టేబుల్ అజయ్ కుమార్. ఏటా పోలీసు అమరవీరుల దినాన కరుణమ్మకు శాలువా కప్పి, 'మా శాంసన్' అంటూ కళ్లు తుడుచుకునే మనిషి.

"ఏడుస్తాండావేందప్పా?" అన్నాడతడు, పళ్లలో ఇరుక్కున్న మాంసం పీకుకుంటూ. "మీ నాయన ఏమనుకోడులే. ఆ పొద్దు పన్నెండుకు నేనెక్కాల్సిన డ్యూటీ. నిద్రొచ్చి లేయలేదు. ఒక్క మాటన్నా అన్యాడా?"

తిమోతి అక్కడే వాంతి చేసుకున్నాడు. బండి దాకా ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

కరుణమ్మ గడపలోనే ఉంది.

"పోయినాడా మీ నాయన?"

"పోయినాడమ్మా," అన్నాడు తిమోతి. "ఆ పొద్దు బదులు రావాల్సినోడు... ఇప్పుడు ఆడ గంట కొడతాండాడు."